అదే పేరు, అదే బొమ్మలు, కానీ అదే డెక్ కాదు: పాత ప్రింటుకీ కొత్త ప్రింటుకీ ఇంత తేడా ఎందుకు?

వెన్నెల_దారి
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. నా దగ్గర ఒక రైడర్-వెయిట్ టారో డెక్ ఉంది, అంటే జోస్యం చూసుకునే బొమ్మల ముక్కల కట్ట, మా అక్క ఇచ్చింది, ఇరవై ఏళ్ళ పైమాటే. మూలలు మెత్తబడిపోయాయి, అంచులు నల్లబడ్డాయి, కలుపుతుంటే ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి, సరే ఇంక దీన్ని దాచుకుందాం అని అదే పేరుతో అదే పెట్టెతో కొత్తది తెప్పించుకున్నా. తెరిచి చూస్తే నా డెక్ కాదనిపించింది అండీ. ఎవరు వేశారో పేరు పెట్టను, తప్పు పట్టడానికి రాయట్లేదు. బొమ్మలు అవే, గీతలు అవే, కానీ పసుపు కళ్ళలో గుచ్చుకుంటోంది, ఎరుపు పాతదాంట్లో ఇటుకరాయిలా ఉంటే కొత్తదాంట్లో టమాటాలా ఉంది, వెనకవైపు నీలం కూడా ముదురు. చేతిలో పట్టుకుంటే జారిపోతున్నాయి. వారం రోజులు వాడి చూశా, ఒక్క స్ప్రెడ్ (ముక్కలు పరిచి చదవడం) కూడా మనసుకి ఆనలేదు. నా ప్రశ్న ఒకటే, ఈ రెండిట్లో అసలు రంగు ఏది? ఈ బొమ్మలు మొదట గీసిన పమేలా గారు వేసింది ఎలా ఉండేది?

పాతపేక
స్వాగతం అండీ. పాత ఒక రోత కొత్త ఒక వింత అంటారు గానీ టారో దగ్గరికొచ్చేసరికి ఆ సామెత తిరగేసి చెప్పుకోవాల్సిందే. నేనైతే కొత్త ప్రింట్లు కొనడం మానేసి చాలా ఏళ్ళయింది. అట్ట పల్చన, పైన ప్లాస్టిక్ పూత, రంగులు కంప్యూటర్ తెర మీద చూసినట్టు. మీ అక్కగారి డెక్ వదలకండి, అదే నిజమైనది.

రాయిఅచ్చు
పాతపేక గారూ, పాత ప్రింట్లంటే మీకెంత ఇష్టమో నాకూ అంతే ఇష్టం కానీ "అదే నిజమైనది" అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. వెన్నెల గారి ప్రశ్నకి నిక్కచ్చిగా జవాబు చెప్పాలంటే, అసలు రంగు ఏదో చూపించడానికి అసలు బొమ్మలే లేవు. పమేలా కోల్మన్ స్మిత్ 1909లో ఈ డెక్ ఆలోచన చేసిన రచయిత వెయిట్ అడిగితే ఈ బొమ్మలు గీసింది, ఆ ఏడాది చివర్లో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ వాళ్ళు డెక్ బయటికి తెచ్చారు. ఆ నవంబర్లోనే ఆవిడ ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కి రాసిన ఉత్తరంలో చాలా తక్కువ డబ్బుకి పెద్ద పని చేశానని, 80 బొమ్మలని చెప్పుకుంది. ఆ చేతిగీతల ఒరిజినల్స్ ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు. మన దగ్గర ఉన్నవన్నీ అచ్చులే.

ఆ అచ్చు కూడా ఎలా అయ్యిందంటే, అది లిథోగ్రఫీ (పలక మీద గీసి అచ్చు వేసే పద్ధతి) కాలం, ఆవిడ గీసిన గీతని ఫొటో తీసి వేసెయ్యడం కాదు, అచ్చు పనివాడు మళ్ళీ గీశాడు, ఒక్కో రంగుకీ వేరే పలక. అంటే 1909 డెక్కులో కూడా మనం చూసేది పమేలా చెయ్యి ఒక్కటే కాదు, ఎవరో పేరు తెలియని పనివాడి చెయ్యి కూడా. 1909 నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా వచ్చిన రైడర్ డెక్కుల్ని కలెక్టర్లు పామ్-ఏ, పామ్-బి, పామ్-సి, పామ్-డి అని నాలుగు రకాలుగా విడదీస్తారు కదా, ఎందుకంటే వాటిల్లో గీతలే తేడా, రంగు కాదు, గీత. ఒకదాంట్లో ముఖం మీద పెదవి సన్నగా ఉంటే ఇంకోదాంట్లో లావు, బట్ట మడతలు ఒకచోట నాలుగుంటే ఇంకోచోట మూడు. సన్ కార్డు మీద రోమన్ అంకె పక్కన ఒక వంకర గీత ఉంటుంది చూడండి, అది కొన్ని పాత ప్రింట్లలో ఉంది కొన్నిట్లో లేదు, దాని కోసం భూతద్దాలు పట్టుకుని ఎంతమంది కూర్చున్నారో. మొట్టమొదట వచ్చిన వాటికి వెనకవైపు గులాబీలు, లిల్లీ పువ్వులు ఉండేవి, తర్వాత బీటలు వారిన నేలలాంటి డిజైన్ వచ్చింది. కాబట్టి ఆ ముప్ఫై ఏళ్ళలోనే "అదే డెక్" నాలుగు ముఖాలు మార్చుకుంది.

కొత్తగా_నేర్చుకుంటున్నా
చిన్న డౌటు. నా కార్డుల మీద కింద చిన్నగా 1971 అని ఉంది. అంటే నాది 1971 నాటి డెక్కేనా?? అయితే నేను అనుకోకుండా మంచి పాతది పట్టేసినట్టే కదా

రాయిఅచ్చు
కాదు తమ్ముడూ, ఇది అందరూ పడే పొరపాటే. అది కాపీరైట్ సంవత్సరం, ప్రింటు అయిన సంవత్సరం కాదు. యూఎస్ గేమ్స్ సిస్టమ్స్ అనే ప్రచురణ కంపెనీని స్టూవర్ట్ కాప్లన్ 1968లో పెట్టారు, 1971లో రైడర్ డెక్ వేశారు, ఆ తర్వాత ఎన్నేళ్ళ తరబడి వేసినా ముక్క మీద 1971 అలాగే కూర్చుని ఉంటుంది. నిన్న అచ్చయిన దాని మీద కూడా ఉండొచ్చు.

ఎప్పటిదో తెలియాలంటే ముక్కల్ని వదిలి పెట్టెని చూడు. అడ్రస్ న్యూయార్క్ అని ఉంటే పాతది, కనెటికట్‌లోని స్టాంఫోర్డ్ అని ఉంటే ఆ తర్వాతది. వెబ్‌సైట్ పేరు అచ్చయి ఉంటే 1990ల మధ్యకి ముందుది అయ్యే అవకాశం లేదు. తర్వాత ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాలకి ఇచ్చే గుర్తింపు నంబర్. 2007 జనవరి నుంచి ఐఎస్‌బీఎన్ 13 అంకెలకి మారింది, అంతకుముందు 10. ఇక్కడ ఒక మెలిక ఉంది జాగ్రత్త, బార్‌కోడ్ గీతల కింద 978తో మొదలయ్యే అంకెలు 2007కి ముందు పెట్టెల మీద కూడా ఉంటాయి, అవి చూసి కంగారు పడకు. "ఐఎస్‌బీఎన్" అని అక్షరాలతో రాసి దాని పక్కన ఇచ్చిన నంబర్‌లో ఎన్ని అంకెలున్నాయో అది లెక్కపెట్టు. 10 అయితే అంతకుముందుది, 13 అయితే 2007 అటూఇటూ లేదా తర్వాతది. ఇంకోటి, ఏ దేశంలో అచ్చయిందో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, స్విట్జర్లాండ్, బెల్జియం, ఇటలీ, చైనా, అలా. ఒకే డెక్ కాలాన్ని బట్టి దేశాలు మారింది, దేశం మారితే అట్ట మారుతుంది, సిరా మారుతుంది.

కొత్తగా_నేర్చుకుంటున్నా
13 అంకెలు 😔 పర్లేదు, నాకు నచ్చింది నాది. థాంక్యూ అన్నా

అచ్చుయంత్రం
నేను ఆఫ్‌సెట్ ప్రెస్‌లో పని చేస్తా, టారో చదవడం పెద్దగా రాదు, మా ఆవిడ చదువుతుంది, ఆవిడ కోసమే ఈ థ్రెడ్ చూశా. వెన్నెల గారు ఒకే మాటలో "తేడా" అన్నది నిజానికి మూడు తేడాలు కలిసిపోయి ఉన్నాయి. ప్లేటు తేడా ఒకటి, కాగితం-పూత తేడా ఒకటి, మూడోది ఎవరూ మాట్లాడనిది, వయసు తేడా.

ముందు ప్లేటు. పాత లిథో ముక్కని పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం కింద పెడితే నల్లగీత నిండుగా ఒకే నలుపు ఉంటుంది, రంగు వేరేగా చుక్కలుగానో నిండుగానో ఉంటుంది. ఇప్పటి ప్రింటు చాలావరకు పాత ప్రింటుని స్కాన్ చేసి నాలుగు రంగుల్లో విడదీసి వేసింది, సయాన్ (లేత నీలం), మెజెంటా (గులాబీ ఎరుపు), పసుపు, నలుపు. అలా వేసినప్పుడు నల్లగీత కూడా చుక్కలైపోతుంది, గీత అంచు వెంబడి నీలి చుక్కలు, ఎర్ర చుక్కలు బయటికి తొంగి చూస్తాయి. చుక్కలు చిన్న పువ్వు ఆకారంలో గుమికూడి కనిపిస్తాయి, మేము దాన్ని రోజెట్ అంటాం. కంటికి మాత్రం గీత కొంచెం మెత్తగా, కొంచెం పొగపట్టినట్టు ఉంటుంది. స్కాన్ చేసిన మనిషి పసుపుని రెండు శాతం పెంచితే చాలు ఆకాశం మొత్తం మారిపోతుంది, ఈ డెక్కులో పసుపు ఆకాశాలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

కాగితం విషయం. అట్టలో రెండు పొరలు, మధ్యలో నల్లటిదో బూడిదరంగుదో జిగురు పొర, దాన్నే కోర్ అంటారు, వెలుతురు అటునుంచి ఇటు రాకుండా. ముక్కని దీపం ముందు పెట్టి చూడండి, బొమ్మ వెనక నుంచి లీలగా కనిపిస్తే కోర్ బలహీనం. పైన గుడ్డనేతలాంటి గరుకు ఉంటే దాన్ని లినెన్ ఫినిష్ అంటారు, ఆ గుంటల్లో గాలి ఆడుతుంది కాబట్టి కలిపేటప్పుడు ముక్కలు తేలతాయి. నున్నటి లామినేషన్ అయితే కొత్తలో జారుతుంది, చేతి చెమట పట్టాక అంటుకుంటుంది. మీ రెండు డెక్కులూ సరిగ్గా ఈ రెండు దశల్లో ఉన్నాయి, ఒకటి జారుతోంది, ఒకటి అంటుకుంటోంది. రెండూ ఒకే రకం పూత అయ్యుండొచ్చు!

ఇక వయసు. కాగితం ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. వెలుతురు తగిలితే సిరాల్లో పసుపు, మెజెంటా ముందు వెలిసిపోతాయి, సయాన్, నలుపు చివరిదాకా నిలబడతాయి. చేతి జిడ్డు అన్నిటిమీదా ఒక గోధుమ పొర కప్పుతుంది. కాబట్టి మీ ఇటుకరాయి ఎరుపు అచ్చయిన రోజున కూడా ఇటుకరాయేనా అన్నది నా అనుమానం. ఒక పని చేయండి. డెక్కుతో పాటు టైటిల్ కార్డో ప్రకటన కార్డో ఒకటి అదనంగా వస్తుంది, ఎవరూ దాన్ని కలపరు, పెట్టెలోనే పడి ఉంటుంది. దాని వెనకవైపుని, మీరు బాగా వాడిన ముక్క వెనకవైపుని, కొత్త డెక్కుది, మూడూ పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైటు కింద వద్దు, ఒక దీపం కింద ఒకేలా కనిపించిన రంగులు ఇంకో దీపం కింద వేరుగా కనిపిస్తాయి.

పాతపేక
వెన్నెల గారి డెక్ దాకా ఏమో గానీ ఆ చుక్కల మాట నాకు నిజంగా పనికొచ్చింది. నాలుగేళ్ళ కిందట ఆన్‌లైన్లో ఒకరి దగ్గర "యుద్ధానికి ముందు ప్రింటు" అని ఒక డెక్ కొన్నా. అంచులు పసుపుగా ఉన్నాయి, పాత వాసన కూడా వేసింది, మురిసిపోయా. ఇప్పుడు మీరు చెప్పాక గడియారాల రిపేరు భూతద్దం తీసి హై ప్రీస్టెస్ ముక్కలో ఆవిడ వెనకున్న దానిమ్మ పళ్ళ తెర మీద పెట్టి చూస్తే గీతల నిండా రంగు చుక్కలే అండీ. నాలుగేళ్ళు దాన్ని పట్టుబట్టలో చుట్టి పెట్టుకున్నా. మనసు చివుక్కుమంది. టీ నీళ్ళలో ముంచి పాతదిలా చేస్తారని విన్నా, అలాగే చేశారో ఏమో.

రాయిఅచ్చు
బాధపడకండి, కొనేముందు ఫొటో అడగడం కాదు, ఒక్క ముక్కని ఫోన్ కెమెరాకి మాక్రో పెట్టి గీత దగ్గరగా తీసి పంపమని అడగండి. నిజంగా పాతది అమ్మేవాళ్ళు సంతోషంగా పంపుతారు.

మార్సెయ్_పిచ్చి
మీరంతా 1909 దగ్గరే ఆగిపోయారు, నన్ను కొంచెం వెనక్కి తీసుకెళ్ళనివ్వండి, ఎందుకంటే ఈ గొడవ మార్సెయ్ డెక్కుల్లో, అంటే ఫ్రాన్స్‌లో రైడర్‌కన్నా ముందు నుంచీ ఉన్న టారోల్లో, ఇంకా చిత్రంగా ఉంటుంది. మార్సెయ్‌లో పేకముక్కలు చేసిన నికొలా కొన్వేర్ డెక్ మీద 1760 అని ఉంటుంది. గీత చెక్క దిమ్మ మీద చెక్కి వేసేవాళ్ళు, రంగు స్టెన్సిల్ పెట్టి కుంచెతో. స్టెన్సిల్ కొంచెం జరిగితే ఎరుపు గీత దాటి పక్కింట్లోకి వెళ్ళిపోతుంది, ఒకే ఏడాది వేసిన రెండు డెక్కుల్లో కూడా ఆ పొర్లిపోవడం వేర్వేరు చోట్ల ఉంటుంది. చెక్క అరిగేకొద్దీ సన్నగీతలు తెగిపోతాయి, అలా కళ్ళు, వేళ్ళు మాయమవుతాయి. 19వ శతాబ్దం చివర్లో ఆ డెక్కుని యంత్రాల మీద వేయడం మొదలెట్టాక రంగులు బాగా తగ్గిపోయాయి, మెత్తటి ఆకుపచ్చలు, లేత నీలాలు పోయి ముదురు నీలం, ఎరుపు, పసుపు రాజ్యం ఏలాయి. 1930లో పాల్ మార్తో గ్రిమో కంపెనీ తరఫున "పాత మార్సెయ్ టారో" అంటూ వేసింది ఆ యంత్రకాలపు రంగుల దారిలోనే. ఇప్పుడు లోకంలో చాలామందికి మార్సెయ్ అంటే ఆ ముదురు నీలమే గుర్తు. నీలం ఆత్మకి గుర్తు, ఎరుపు రక్తానికి గుర్తు అని దాని మీద ఎంత వ్యాఖ్యానం రాశారో! యంత్రంలో ఏ సిరా ఉంటే ఆ రంగు పడిందని తెలిశాక నేను రెండు రోజులు డెక్ ముట్టుకోలేదు.

1997లో సినిమా దర్శకుడు హోదొరోవ్‌స్కీ, పేకముక్కల తయారీ కుటుంబానికి చెందిన ఫిలిప్ కామ్వాన్ కలిసి పాత డెక్కులు పోల్చి చూసి "పునరుద్ధరించిన" మార్సెయ్ వేశారు, దాంట్లో రంగులు ఎక్కువ, చిన్న చిన్న వివరాలు కూడా ఎక్కువ. అది పాతదా కొత్తదా? నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాదు. నేను మాత్రం పాత కొన్వేర్‌ని ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి వేసిన డెక్కుతో చదువుతా, మరకలతో సహా.

థాత్_పాఠకుడు
రంగుకి అర్థం లేదు అనేస్తే నేను ఒప్పుకోను. మార్సెయ్ విషయంలో సరే. కానీ థాత్ డెక్ అలా కాదు. చిత్రకారిణి ఫ్రీడా హారిస్ 1938 నుంచి 1943 దాకా మార్మిక రచయిత అలిస్టర్ క్రౌలీ చెప్పినట్టు నీటిరంగులతో వేసింది, గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం వాళ్ళ రంగుల పట్టికలు చూసుకుని, ఏ ముక్కకి ఏ రంగు అన్నది ముందే లెక్క. అక్కడ ఊదా కాస్తా నీలం వైపు జరిగితే అర్థమే జరుగుతుంది. మరి ప్రింట్లు ఎలా ఉన్నాయంటే, క్రౌలీ 1947లో పోయాడు, హారిస్ 1962లో పోయింది, డెక్ బయటికొచ్చింది 1969లో. గీసిన మనిషీ గీయించిన మనిషీ ఇద్దరూ ప్రూఫ్ చూడలేదు. ఆ మొదటి ప్రింట్లలో రంగులు బాగా పోయాయి, తర్వాత పెయింటింగులకి మళ్ళీ ఫొటోలు తీసి వేశారు, అప్పుడు లోతు కనిపించింది. ఒరిజినల్ పెయింటింగులు లండన్‌లో వార్‌బర్గ్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి, కాబట్టి మా వాళ్ళకి "అసలు రంగు ఏది" అన్న ప్రశ్నకి జవాబు ఉంది, మీకు లేదు.

స్విస్ ప్రింట్లు కొన్నిట్లో మెజిషియన్ ముక్కలు మూడు వచ్చేవి, హారిస్ వేసి పక్కన పెట్టిన ఇంకో రెండు కూడా కలిపి, డెక్ 80 ముక్కలు. కొత్తవాటిలో ఒకటే ఉంటుంది. మూడూ ఉంచుకుని చదివేవాళ్ళు నాకు తెలుసు, నేనైతే రెండు తీసి పక్కన పెట్టా, కానీ ఆ రెండూ చూడ్డానికి అప్పుడప్పుడూ బయటికి తీస్తా.

మార్సెయ్_పిచ్చి
రంగుకి అర్థం లేదనలేదు సార్, ఎవరు వేశారో తెలియని రంగుకి అర్థం కట్టేముందు ఆగమన్నా అంతే.

కొత్తగా_నేర్చుకుంటున్నా
అయితే రైడర్‌లో కొత్తగా రంగులు మార్చి వేసినవి ఉన్నాయి కదా, యూనివర్సల్ వెయిట్ లాంటివి, అవి ఏ లెక్కలోకి వస్తాయి? కొత్త ప్రింటా, వేరే డెక్కా

రాయిఅచ్చు
నా లెక్కలో వేరే డెక్. 1990లో వచ్చిన యూనివర్సల్ వెయిట్‌కి మేరీ హాన్సన్-రాబర్ట్స్ మళ్ళీ రంగులు వేసింది, బుగ్గల మీద, బట్టల మీద పెన్సిల్ నీడలు ఉంటాయి, ముఖాలు మెత్తబడ్డాయి. అది ఇంకో చిత్రకారిణి చూపు, తప్పేం లేదు. 2009లో నూరేళ్ళ సందర్భంగా స్మిత్ పేరుతో వచ్చిన సెంటెనియల్ అలా కాదు, పాత ప్రింటు దగ్గరికి వెళ్ళే ప్రయత్నం, రంగులు అణిగి ఉంటాయి, పాత కాగితం ఛాయ కూడా ఉంచేశారు. వెన్నెల గారూ, మీరు పాతదానికి దగ్గరగా ఉన్న కొత్తది కావాలంటే అది ఒకసారి చూడండి. దాంట్లోనే తెల్ల అంచు తీసేసిన రకం కూడా ఉంది, బొమ్మ పెద్దగా కనిపిస్తుంది గానీ నాకు ఆ అంచు కావాలి, కిటికీ చట్రంలా.

స్మిత్ 1951లో చనిపోయింది, చనిపోయాక 70 ఏళ్ళు లెక్క ఉన్న దేశాల్లో 2022 జనవరి 1తో ఆ బొమ్మల హక్కులు తీరిపోయాయి. అందుకే ఈ నాలుగైదేళ్ళలో ఎవరికి వాళ్ళు వేస్తున్న రైడర్లు ఇన్ని. కొందరు ఎంతో శ్రద్ధగా వేస్తున్నారు, కొందరు నెట్‌లో దొరికిన స్కాన్ దించి వేసేస్తున్నారు. బొమ్మ మూల ఆవిడ మోనోగ్రామ్ ఉంటుంది, పీ-సీ-ఎస్ అక్షరాలు మెలేసుకున్న తీగలా, దాన్ని చూడండి, మూడు అక్షరాలూ విడివిడిగా తెలిస్తే స్కాన్ మంచిది, మరకలా ముద్దయిపోతే అక్కడే తెలిసిపోతుంది.

బంగారురేకు
విస్కోంటి-స్ఫోర్జా గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక్క మాట. 15వ శతాబ్దపు చేతి డెక్, బంగారు రేకు మీద వేసింది, 74 ముక్కలే మిగిలాయి, 35 న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో, 26 బెర్గామోలో అకాడెమియా కరారాలో, 13 కొలియోని కుటుంబం దగ్గర. డెవిల్, టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, నైట్ ఆఫ్ కాయిన్స్ లేవు. కాబట్టి ఇప్పుడు మనం కొనే ప్రతి విస్కోంటిలో ఆ నాలుగూ ఈ కాలం వాళ్ళు ఊహించి గీసినవే, ఒక్కో ప్రచురణలో ఒక్కో డెవిల్. ఒరిజినల్ 173 మిల్లీమీటర్ల పొడవు, పైన మేకు కొట్టిన రంధ్రం కూడా ఉంటుంది. కొన్ని కొత్త ప్రింట్లలో ఆ రంధ్రం పూడ్చి బొమ్మ శుభ్రం చేసేశారు. నాకు రంధ్రం ఉన్నదే ఇష్టం, ఎవరో దాన్ని గోడకి తగిలించుకుని చూసుకున్నారు కదా అని.

వెన్నెల_దారి
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, కళ్ళు చెమర్చాయి నిజంగా. అచ్చుయంత్రం గారూ, మీరు చెప్పినట్టే ఈ ఉదయం కిటికీ దగ్గర కూర్చుని చూశా. టైటిల్ కార్డు పెట్టె అడుగున ఉంది, ఇన్నేళ్ళలో దాన్ని బయటికి తీసిన గుర్తు కూడా లేదు. దాని వెనకవైపు నీలం, నేను వాడే ముక్కల నీలం కన్నా ఎంత ముదురో! కొత్త డెక్ నీలానికి బాగా దగ్గర. పూర్తిగా ఒకటి కాదు, కొత్తది ఇంకా కొంచెం ఊదా వైపు ఉంది, కానీ నేను అనుకున్న తేడాలో సగం పైన ఆ డెక్ మొదటి రోజున లేనే లేదు. ఆ ఇటుకరాయి ఎరుపు మా అక్క చేతులదీ నా చేతులదీ అన్నమాట.

పసుపు మాత్రం ప్రింటు తేడానే అనిపిస్తోంది. ఫూల్ ముక్కలో ఆకాశం భూతద్దంలో చూశా, పాతదాంట్లో పసుపు ఒక్కటే నిండుగా పరుచుకుని ఉంది, కొత్తదాంట్లో పసుపు మధ్యమధ్య సన్నగా ఎర్ర చుక్కలు చల్లినట్టు. అందుకే అంత ఘాటుగా ఉందేమో.

ఇంకో వింత. అన్ని ముక్కలూ బోర్లించి వరసగా పరిచా, వెనకలు పోల్చుదామని. 78లో ఒక్కటి తేడాగా ఉంది. ఫోర్ ఆఫ్ కప్స్. దాని వెనక నీలం మిగతావాటికన్నా ముదురు, మూలలు కూడా అంత మెత్తబడలేదు, తిప్పి చూస్తే కప్పుల పసుపులో ఆ ఎర్ర చుక్కలు! ఇన్నేళ్ళు చూస్తూ ఉండి కూడా గమనించలేదు. ఇదెలా సాధ్యం?

పాతపేక
ఎవరో మార్చారు అండీ. ముక్క పోతే ఇంకో డెక్కులోది తెచ్చి పెట్టుంటారు. అక్కగారిని అడగండి.

వెన్నెల_దారి
అడిగా. అక్క ముందు గుర్తులేదంది, కాసేపాగి మళ్ళీ ఫోన్ చేసింది. నాకు ఇవ్వకముందు ఆ ముక్కని ఏదో పుస్తకంలో గుర్తుగా పెట్టుకుందట, ఆ పుస్తకం ఎవరికో చదవమని ఇస్తే తిరిగి రాలేదు. ఒక స్నేహితురాలి దగ్గర సగం ముక్కలు పోయిన కొత్త డెక్ ఉంటే దాంట్లోంచి అడిగి తెచ్చుకుంది. "నీకు చెప్పడం మర్చిపోయానే" అంది.

ఇప్పుడు నాకు వేరే సందేహం మొదలైంది. నాకు ఫోర్ ఆఫ్ కప్స్ మామూలుకన్నా ఎక్కువసార్లు వచ్చేది. ఇది నేను డైరీలో కూడా రాసుకున్నా, ఒక్కోసారి వరసగా మూడు రోజులు. చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చున్న ఆ మనిషిని చూసి, ఎదురుగా ఉన్నది పట్టించుకోవట్లేదని నాకే చెబుతున్నాడనుకునేదాన్ని. దీనికీ ప్రింటుకీ సంబంధం ఉందా?

అచ్చుయంత్రం
ఉంది. అట్ట గట్టిదనం వేరైతే, లేదా వెడల్పు అర మిల్లీమీటరు తేడా ఉన్నా సరే, కట్ట రెండుగా విడదీసేటప్పుడు వేలు అక్కడే ఆగుతుంది. మెత్తబడిన 77 ముక్కల మధ్య బిగువుగా ఉన్న ఒక్క ముక్క చిన్న మెట్టులా పనిచేస్తుంది. పేకముక్కలతో గారడీ చేసేవాళ్ళు కావాలనే ఒక ముక్కని వెంట్రుకవాసి కత్తిరించి పెట్టుకుంటారు, కళ్ళు మూసుకుని కట్ చేసినా అక్కడికే వస్తారు. మీరు కట్ చేసి పైముక్క తీసే అలవాటు ఉంటే మాత్రం అది తరచూ రావడం ఆశ్చర్యం కాదు. పరీక్ష చేయాలంటే కట్ చేయకుండా బల్ల మీద అన్నీ పరిచి చేత్తో కలిపి, పరిచిన వాటిలోంచే తీయండి, ఒక నెల రాసుకోండి. అప్పుడు కూడా చూసి తీయకండి, నీలం ముదురు కదా, కన్ను పట్టేస్తుంది.

థాత్_పాఠకుడు
లేదా టైటిల్ కార్డు మీద ఫోర్ ఆఫ్ కప్స్ అని చేత్తో రాసి అదే వాడండి. అట్ట అదే, కోత అదే, వెనకవైపు అదే.

అచ్చుయంత్రం
అది కూడా వాడని ముక్కే కదా సార్, బిగువుగానే ఉంటుంది. నీలం కూడా ముదురే, ఆవిడే చెప్పారు. మళ్ళీ అదే కథ.

వెన్నెల_దారి
నిన్న రాత్రి బల్ల మీద పరిచి, కళ్ళు మూసుకుని కలిపా. కళ్ళు మూసుకున్నా కూడా ఆ ముక్క వేలికి తెలిసిపోతోంది, ఇప్పుడు తెలిశాక అస్సలు తెలియనట్టు ఉండలేకపోతున్నా. అందుకని ఒకటి మొదలెట్టా. రోజూ పొద్దున్న ఆ ఒక్క ముక్కనే బయటికి తీసి, పది నిమిషాలు చేతిలో పట్టుకుని వంచుతూ, వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంటున్నా, అక్క మిగతా వాటితో చేసినట్టు. కొత్త డెక్కుని కూడా తిరిగి పంపించట్లేదు, దాన్ని రోజూ కలుపుతున్నా. నెల తర్వాత రెండిటి వెనకవైపులూ మళ్ళీ అదే కిటికీ దగ్గర పెట్టి చూసి ఇక్కడ రాస్తా.